అమ్మ వంటింట్లో గ్యాస్ అలారం: ఏడాది వాడాక

మా ఊరి పేరు నగరం. పేరు అలా ఉన్నా, కోనసీమలో మామిడికుదురు మండలంలో తాటిపాకకి ఆనుకుని ఉన్న పల్లెటూరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కేంద్ర ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్ వేసిన పైపు పేలింది మా ఊళ్లోనే. నేను రాస్తున్నది గోడకి బిగించుకునే గ్యాస్ లీక్ అలారం గురించి. కానీ ఆ తెల్లవారుజాము గురించి చెప్పకపోతే ఈ చిన్న డబ్బాకి మా ఇంట్లో ఎందుకంత మర్యాదో మీకు అర్థం కాదు.

అప్పుడు నేను కాకినాడలో చదువుకుంటున్నాను. అమ్మ ఇంకా పొయ్యి వెలిగించలేదు. వాకిలి ఊడుద్దామని తలుపు తీస్తే మంచు పట్టినట్టు తెల్లగా కనిపించిందట. జూన్‌లో మంచేమిటి అనుకునేలోపే అవతలి వైపంతా ఎర్రబడింది. 20 మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు మొవ్వులతో సహా మాడిపోయాయి. పశువులు కట్టుకొయ్యల దగ్గరే కాలిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన పైపులో నీరు కలిసిన గ్యాసు పంపారని, లోపల తుప్పు పట్టి అది పాడైందని తర్వాత విచారణలో తేలింది. పోయినవాళ్ల కుటుంబాలకి పాతిక లక్షల చొప్పున ఇస్తామన్నారు. గెయిల్ 20, రాష్ట్రం 3, కేంద్రం 2. ఈ లెక్క మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు.

ఆ తర్వాత అమ్మ పొద్దున్నే లేవగానే చేసే మొదటి పని మారిపోయింది. వంటింటి తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడి గాలి పీలుస్తుంది. లోపలికి వెళ్లి కిటికీ తీస్తుంది. మళ్లీ పీలుస్తుంది. అప్పుడు అగ్గిపుల్ల తీస్తుంది. మా వీధిలో ఆడవాళ్లందరికీ ఇదే అలవాటు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

2024 జూన్‌లో ఊరెళ్లినప్పుడు సిలిండర్ ట్యూబు ఒకచోట ఎలుక కొరికి ఉండటం చూశాను. అమ్మకి వాసన తెలియలేదు. అరవై ఎనిమిదేళ్లు, పైగా వారం నుంచి జలుబు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ట్యూబు మార్పించి అలారం కొన్నాను.

మొదట కొన్నది ఎనిమిది వందల రూపాయల రకం, ప్లగ్గులో గుచ్చేది. దాని కంపెనీ పేరు చెప్పను, అలాంటివి చాలా ఉన్నాయి. కరెంటు ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. కోనసీమలో వానాకాలం గాలి కొడితే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పోయిన ప్రతిసారీ అది ఆరిపోతుంది. కరెంటు వచ్చాక మూడు నిమిషాలు వేడెక్కితేగాని మేలుకోదు. వారంలో వాపసు పంపించాను. డబ్బు రావడానికి పదిహేను రోజులు, నాలుగు ఫోన్లు పట్టింది.

రెండోది పంతొమ్మిది వందలు, బ్యాటరీ ఉన్నది. ఇప్పటికీ గోడకి ఉన్నది ఇదే. అట్ట మీద ఆరు గంటల బ్యాకప్ అని రాశారు. నేను ప్లగ్గు తీసి టైం చూశాను, నాలుగున్నర గంటలు వచ్చింది. రాసిందానికి తక్కువే. అయినా మా ఊళ్లో మామూలుగా కరెంటు పోయే సమయానికి సరిపోతుంది. తుఫాను రాత్రికి మాత్రం సరిపోదు. ఆ రాత్రికి రెగ్యులేటర్ తీసేసి పడుకోవడమే.

బిగించడంలో మేం పెద్ద తప్పు చేసి ఉండేవాళ్లం. ఇది కొనే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి స్టూలెక్కి, "ఆయ్, పైన సీలింగ్ దగ్గర పెట్టేత్తానండి, నీటుగా ఉంటది" అన్నాడు. డబ్బాతో వచ్చిన కాగితంలో ఇంగ్లీషులో ఒకటే బొమ్మ, అదీ పైన బిగించినట్టే ఉంది. కానీ మనం వంటకి వాడే సిలిండర్ గ్యాసు గాలికంటే బరువు. లీకైతే కిందికి దిగి, నేల మీద నీళ్లలా పారి, గట్టు కిందో మూలలోనో నిలుస్తుంది. అలారం పైన ఉంటే గ్యాసు అక్కడిదాకా చేరేసరికి ఆలస్యమైపోతుంది. సిలిండర్ వాడేవాళ్లు నేల నుంచి అడుగు ఎత్తులో పెట్టాలి. పైపు ద్వారా ఇంటికొచ్చే సహజవాయువు అయితే గాలికంటే తేలిక, దానికి పైనే పెట్టాలి. అట్ట మీద రెండిటికీ పనికొస్తుందని రాసి, ఎక్కడ బిగించాలో విడివిడిగా చెప్పకపోవడం క్షమించరాని విషయం. కనీసం తెలుగులో నాలుగు లైన్లు వేయాల్సింది. ప్రాణం మీదకొచ్చే వస్తువు కదా.

పొయ్యికి మరీ దగ్గరగా పెడితే పోపు ఘాటుకే మోగే ప్రమాదం ఉందని, పొయ్యికి మీటరున్నర దూరంలో, సిలిండర్ వైపు గోడకి పెట్టించాం. పచ్చ లైటు వెలుగుతుంటే బాగున్నట్టు. ప్రతినెలా ఒకటో తారీఖున లైటరు మంట రాకుండా నొక్కి, ఆ గ్యాసుని మూడు సెకన్లు దాని ముందు వదిలి చూస్తాం. పది సెకన్లలోపే మోగుతుంది. ఏడాదిలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇక మోత సంగతి. వీధి చివరి దాకా వినిపిస్తుంది. ఇది మంచో చెడో పోయిన భోగి నాడు తెలిసింది.

సంక్రాంతికి ఇల్లంతా నిండుగా ఉంది. నాలుగున్నర దాటింది, ఇంకా చీకటి. వీధి మొగలో భోగిమంటకి దుంగలు, కొబ్బరి మట్టలు పేర్చి ఉన్నాయి. పిల్లలు పిడకల దండలు మెళ్లో వేసుకుని చుట్టూ నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే మా వంటింట్లో అలారం మోగింది.

నేను బయటికొచ్చేసరికి వీధి వీధంతా కదిలింది. ఒక్క ఇంట్లో కూడా లైటు వెలగలేదు. స్విచ్చు వేస్తే చాలు నిప్పురవ్వ పుడుతుందని ఇక్కడ అందరికీ తెలుసు. ఎవరో సెల్లు టార్చి వేయబోతే పక్కావిడ చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఎదురింటి పిన్నిగారు పిల్లాణ్ణి చంకనేసుకుని, రెండో చేత్తో గేదె పలుపు విప్పుతోంది. ఆ తొందరలో కూడా గేదెని మర్చిపోలేదు. భోగిమంట దగ్గర అగ్గిపెట్టె పట్టుకున్న బాబాయి దాన్ని పిడికిట్లో బిగించి, ఆ చేతిని గుండెకి నొక్కుకుని నిలబడ్డాడు. అరుపుల్లేవు. చీకట్లో జనం కాలవగట్టు వైపు నడుస్తున్న చప్పుడు, లోపల ఆ అలారం మోత, అంతే.

జరిగింది ఏమిటంటే, అమ్మ తలంటి పోసుకుందామని లేచి, సిలిండర్ వెనక బొద్దింకలు కనబడితే స్ప్రే కొట్టింది. ఆ స్ప్రే డబ్బాల్లో మందుని బయటికి తోసేది చాలావరకు ఎల్పీజీయే, అంటే మన సిలిండర్ గ్యాసే. కాబట్టి అలారం తప్పు చేయలేదు. ముందుకొచ్చిన గ్యాసుని గ్యాసే అంది. ఇలాంటి స్ప్రేలకి, శానిటైజర్‌కి, సెంటుకి ఇది మోగుతుందని ముందే తెలిసి ఉంటే బాగుండేది.

అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏం లేదమ్మా, బొద్దింకల మందు కొట్టాను, నాదే పొరపాటు" అని నలుగురికీ వినపడేలా చెప్పింది. ఎవరూ నవ్వలేదు, విసుక్కోలేదు. పిన్నిగారు గట్టు మీదే కూలబడి, కాసేపటికి, "పోన్లే వదినా, మోగింది. ఆ రోజు మోగింది కాదు" అంది. ఆవిడ ఇంట్లో ఆ రోజు పోయినవాళ్లున్నారు. అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు.

ఆ ఏడు మా వీధి భోగిమంట బాగా తెల్లారాక వెలిగింది. వెలిగించే ముందు బాబాయి వీధి ఈ చివర నుంచి ఆ చివరికి గాలి పీలుస్తూ నడిచి వచ్చాడు.

పండగ వెళ్లిన నెలలోపే మా వీధిలో మూడు ఇళ్లవాళ్లు ఇదే అలారం తెప్పించుకున్నారు. అందులో పిన్నిగారిల్లు ఒకటి. మూడు చోట్లా దగ్గరుండి అడుగు ఎత్తులో బిగించింది ఆ కుర్రాడే. ఇప్పుడు సీలింగ్ దగ్గర పెట్టమని ఎవరు అడిగినా, "ఆయ్, సిలిండరుకైతే కిందేనండి" అంటున్నాడు.

ఒక విషయం మాత్రం స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మా వీధిలో కొందరు దీని మీద ఉండాల్సినదానికంటే ఎక్కువ నమ్మకం పెట్టుకుంటున్నారు. ఈ డబ్బా ఇంట్లో గోడల మధ్య లీకైనదాన్నే పట్టుకుంటుంది. నేల కింద పెద్ద పైపు కారి, గ్యాసు పొలాల మీదుగా వస్తుంటే దీనికి తెలిసేసరికి మించిపోతుంది. ముక్కుని కూడా నమ్మలేం. వంటగ్యాసుకి ఆ వాసన కావాలని కలుపుతారు, గ్యాసు బావుల నుంచి పైపుల్లో వెళ్లే గ్యాసుకి అది ఉండకపోవచ్చు. ఆ పైపు ఎప్పటికప్పుడు పరీక్షించడం, కారితే వెంటనే వాల్వు మూయడం, ఊరి జనాన్ని లేపడం పైపు వేసినవాళ్ల పని. మా అమ్మ పంతొమ్మిది వందలు పెట్టి కొనుక్కునే పని కాదది. 1995లో పక్కనే పాసర్లపూడి బ్లోఅవుట్‌లో, అంటే గ్యాసు బావి అదుపు తప్పి ఎగదన్ని, 65 రోజులు మండినప్పుడు కూడా మేం ఇక్కడే ఉన్నాం. ఇక ముందూ ఇక్కడే ఉంటాం. అడిగే హక్కు మాకుంది.

ఇంటి మట్టుకి అయితే తప్పకుండా కొనండి. ముఖ్యంగా ఊళ్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది బ్యాటరీకి, ఆ ఇంగ్లీషు కాగితానికి. మోగినప్పుడు ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, వేయొద్దు, ఆర్పొద్దు. చేతికందితే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తెరిచి బయటికి రండి. బయటికొచ్చాకే గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి. అమ్మ ఈ నాలుగు మాటలూ నాచేత పెద్ద అక్షరాలతో రాయించి ఫ్రిజ్ మీద అంటించింది.

లోపలి సెన్సార్ ఐదేళ్లే పనిచేస్తుందట, 2029 జూన్‌లో మార్చాలి. ఆ మాట చెప్పగానే అమ్మ పెన్సిల్ తెచ్చి, అలారం పక్కన గోడ మీద నెల, సంవత్సరం రాసింది. కింద నా ఫోన్ నంబరు కూడా రాసింది.