మూడు ఖాతాలకు ఒక్క థండర్‌బర్డ్

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కలు చూసే నాకు మిల్లుది, జీఎస్టీ పనులది, సొంతానిది కలిపి మూడు ఈమెయిల్ ఖాతాలున్నందున, ఉచితంగా దొరికే థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్‌ను ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టుకున్నాను. పంపినవారి చిరునామానో, సబ్జెక్టులోని ఒక మాటనో గుర్తుగా ఇస్తే, వచ్చిన మెయిల్‌ను అది మనం చెప్పిన ఫోల్డర్‌లోకి, అవసరమైతే మరో ఖాతాలోని ఫోల్డర్‌లోకి కూడా చేరుస్తుంది. అయితే ఫిల్టర్లు అనే ఈ నియమాలను ఏ ఖాతాకు ఆ ఖాతాకే విడిగా రాసుకోవాలి. అవి పైనుంచి కిందికి అమలవుతాయి కనుక వరుస ముఖ్యం. ‘బిల్లు’ అనే మాటతో రాసిన నియమాన్ని నేను అన్నిటికంటే పైన పెట్టడంతో, బియ్యం వ్యాపారుల మెయిళ్లు రెండు రోజులు కరెంటు బిల్లుల ఫోల్డర్‌లో పడి ఉన్నాయి; తప్పు నాదే. కంప్యూటర్ ఆపితే ఈ నియమాలూ ఆగుతాయి, అప్పుడు ఫోన్‌లో కొత్త మెయిళ్లన్నీ కలగాపులగంగా కనిపిస్తాయి. అందుకే జీఎస్టీ ఖాతాకు మాత్రం సర్వర్‌లోనే, అంటే గూగుల్ కంప్యూటర్లలోనే, పనిచేసే జీమెయిల్ ఫిల్టర్లను ఉంచుకున్నాను.