చినూక్, కోహో: ఏది ఏదో ఎలా తెలుసుకోవాలి?

సముద్రంలో ఉన్నంతకాలం ఈ రెండు రకాల సాల్మన్ చేపలూ వెండిలా మెరుస్తాయి. అందుకే రంగుని నమ్మొద్దు, నోరు తెరిచి చూడండి. కింది దవడలో పళ్ల మొదళ్ల దగ్గర చిగురు నల్లగా ఉంటే చినూక్, తెల్లగా ఉంటే కోహో. నా లెక్కలో ఇదే అన్నిటికంటే గట్టి గుర్తు. తోక కూడా చూడొచ్చు: చినూక్‌కి పైభాగంలోనూ కిందిభాగంలోనూ నల్లచుక్కలుంటాయి, కోహోకి మామూలుగా పైన మాత్రమే.

సైజుని బట్టి చెప్పేద్దామంటే కుదరదు. పసిఫిక్ సాల్మన్లలో చినూకే పెద్దది. అలాస్కాలోని కీనాయ్ నదిలో 1985లో గాలానికి పడినది సుమారు 44 కిలోలు! కానీ లేత చినూక్ అచ్చం కోహో అంతే ఉంటుంది. చినూక్‌ని తిరిగి నీళ్లలోకి వదిలేయాలన్న రూలు ఉన్నచోట ఈ తేడా తెలియకపోతే జరిమానా టెన్షనే.

కోహో సముద్రంలో ఉండేది సాధారణంగా ఏడాదిన్నర, చినూక్ చాలావరకు అంతకంటే ఎక్కువ. గుడ్లు పెట్టాక రెండూ చనిపోతాయి. గుడ్లు పెట్టడానికి నదిలోకి తిరిగొచ్చేసరికి మగ కోహో పక్కలు ఎర్రబడతాయి, చినూక్ ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. సియాటెల్ వైపు ఉండే తెలుగువాళ్లు శరదృతువులో ఇసక్వా హేచరీకి (చేపపిల్లల్ని పెంచే కేంద్రం) వెళ్తే రెండిటినీ చూడొచ్చు. ముందు వచ్చేది చినూక్.