రీబటన్ టైర్ల మీద మా పాత బి-275

వానాకాలాలు కొన్ని దాటాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. మా బాపు కొన్న మహీంద్రా బి-275 ట్రాక్టరును మళ్లీ నడిచేలా చేయడానికి పెట్టిన డబ్బులో, వెనక టైర్లకు రీబటన్ (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు గట్లు, అంటే బటన్, ఎక్కించడం) చేయించిన ఖర్చే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

ఇంజిన్, రంగుల సంగతి ఎత్తను. ముందు చక్రాలకు 6.00-16 సైజు ఎంఆర్ఎఫ్ టైర్లు కొత్తవే వేశాం, స్టీరింగ్ తేలికైంది. చెప్పాల్సిందంతా వెనక 12.4-28 సైజు టైర్ల గురించే.

పాతవి రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. బటన్ నున్నగా అరిగిపోయినా పక్కలు పగలలేదు. బండి ఇన్నేళ్లూ చేవెళ్ల దగ్గర మా చేన్లో షెడ్డు కిందే ఉంది మరి. తయారీ ముద్రలో మూడంకెలే ఉన్నాయి. 2000కి ముందు టైర్లకు అంతే, మొదటి రెండూ వారం, చివరిది ఏడాది. ఏ దశాబ్దమో మనమే ఊహించుకోవాలి. ఆటోనగర్‌లో రీబటన్ చేసే పెద్దాయన ఆ అంకెల జోలికే పోలేదు. రిమ్ము నుంచి విప్పించి, లోపల లైటు పెట్టి, వేళ్లతో తడుముతూ చుట్టూ చూశాడు. ఒకదాంట్లో నైలాన్ పొర విడి ఉబ్బు తగిలింది. "దీనికి పెడితే పైసలు దండుగ బిడ్డా" అని పక్కకు నెట్టేశాడు.

ఆ ఒక్కటీ కొత్తది కొందామన్నాడు మా తమ్ముడు. పెద్దాయన ఒప్పుకోలేదు. రెండు చక్రాల ఎత్తు కలవకపోతే బండి తిన్నగా పోతున్నా డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు వెనక చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) పళ్లు తిరుగుతూనే ఉంటాయి, ఒక పక్కకు లాగుతుంది కూడా. తన దగ్గరున్న మంచి కేసింగు (బటన్ కింద ఉండే టైరు ఒళ్లు) ఒకటి ఇచ్చి, రెండింటినీ ఒకే అచ్చులో పెట్టి వేడి మీద రబ్బరు ఎక్కించాడు. బిగించాక కొలిచి చూస్తే ఎత్తులో తేడా లేదు. ఆ పనితనానికి ఇప్పటికీ దండం పెడతాను.

మొదటి ముసురులో వాటి సత్తా తెలిసింది. మాది నల్లరేగడి. పశువుల ఎరువు నింపిన ట్రాలీ గట్టు పక్కన దిగబడింది. పొరుగాయన పెద్ద ట్రాక్టరు లాగబోయి తనూ కూరుకుపోయింది. బాపు బి-275 తగిలించి లో గేరులో వదిలారు. కొత్త బటన్ అంచులు మట్టిని కోసుకుంటూ పట్టాయి, ట్రాలీ కదిలింది. బాపు నవ్వు చూడాలి!

అయితే ఆ పట్టంతా బటన్‌దే అనను. అప్పటికి బరువు కోసం ఒక్కో వెనక ట్యూబులో సుమారు 150 లీటర్ల నీళ్లు పట్టించి ఉన్నాం, గాలి కూడా 12 పౌండ్లే. మన దగ్గర గడ్డకట్టే చలి ఉండదు కాబట్టి మామూలు నీళ్లు చాలు.

రోడ్డు మీద మాత్రం ఇంత పొగడలేను. మొయినాబాద్ దాకా పోతే సీటు కింద అదురు తెలుస్తుంది. ఒక ఎండాకాలం ఇటుకల లోడుతో తారు మీద నడిపాక, ఎడమ టైరుకు భుజం (పక్క అంచు) దగ్గర ఒక బటన్ అంచు లేచింది. చేసినవాళ్లే డబ్బులడక్కుండా అతికారు. అది మళ్లీ లేవలేదు గానీ, ఎండల్లో ఇప్పుడు లోడు కట్టడం లేదు.

మా బండి దున్నకం, ఎరువు, అప్పుడప్పుడు గడ్డి తోలకం వరకే. రోజూ శంకర్‌పల్లి రోడ్డు మీద ఇసుక తోలేవాళ్లకు కొత్త జతే నయమనిపిస్తుంది. కేసింగు గట్టిగా ఉండి, పని చేన్లోనే అయితే రీబటన్‌కే ఓటు వేస్తాను. ఇవి అరిగాక మళ్లీ చేయిస్తానా అంటే, మొదట టైరు విప్పించి లోపల చూడాలి.