పగడాల్ని కాపాడాలంటే సముద్రంలో నర్సరీనా, అక్వేరియం ట్యాంకా? ఏది మేలు?

పగడం అంటే రాయి అనుకునేవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు, కానీ అది ప్రాణి అండీ, పాలిప్‌లనే చిన్న జీవులు వేలల్లో కలిసి కట్టుకున్న కాపురం, వాటి ఒంట్లో ఉండే నాచే వాటికి తిండి పెడుతుంది, నీళ్ళు బాగా వేడెక్కితే ఆ నాచు పోయి పగడం తెల్లగా పాలిపోతుంది, వేడి అలాగే ఉంటే ఆకలికి చచ్చిపోతుంది.

సముద్రంలో నర్సరీ అంటే గులాబీ కొమ్మ కత్తిరించి నాటినట్టే. పగడం ముక్కల్ని నీళ్ళల్లోనే పైపులకి వేలాడదీసి, పెరిగాక సముద్రం అడుగున ఉన్న పగడపు దిబ్బకి అంటిస్తారు. ఖర్చు తక్కువ, ముక్కలు బోలెడు వస్తాయి. కానీ ఒక తల్లి ముక్కలన్నిటికీ జన్యువులు ఒకటే, తల్లి తట్టుకోలేని రోగం వస్తే పిల్లలూ తట్టుకోలేవు. పైగా నర్సరీ ఉన్నది కూడా ఆ కాగే నీళ్ళల్లోనే కదా! 2023 వేసవిలో అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల్లో అదే జరిగింది, నర్సరీల్లో పగడాల్ని హడావుడిగా తీసి ఒడ్డున ట్యాంకుల్లోకి మార్చాల్సి వచ్చింది.

ట్యాంకులో అయితే ఏకంగా పిల్లల్నే పుట్టిస్తారు. చాలా పగడాలు ఏడాదికి ఒక్కసారే, పౌర్ణమి దాటిన కొన్ని రాత్రుల్లోనే గుడ్లు వదులుతాయి, అందుకే లండన్ హార్నిమన్ మ్యూజియం వాళ్ళు ట్యాంకులోనే ఎల్‌ఈడీ వెన్నెల, రుతువుల ప్రకారం మారే వేడి అన్నీ పెట్టి సముద్రంలోనే ఉన్నామని వాటిని నమ్మించారు. చీకట్లో ఎర్ర లైట్ వేసుకుని కాపలా కాస్తుంటే ఒక్కో పాలిప్ నోట్లోంచి చిన్న గులాబీ రంగు ముత్యం లాంటిది ఊడి మెల్లగా పైకి తేలుతుంది, అందులో గుడ్లూ వీర్యమూ రెండూ ఉంటాయి. స్తంభాల్లా నిలువుగా పెరిగే పిల్లర్ కోరల్ అనే పగడంలో మాత్రం ఆడ మగ వేరు, 2014లో మొదలైన రోగంతో ఫ్లోరిడాలో అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, మిగిలినవి కలవలేనంత దూరం. వాటితో 2019లో ఫ్లోరిడా అక్వేరియం ట్యాంకులోనే గుడ్లు పెట్టించింది. కరెంటు, ఉప్పునీళ్ళు, మనుషులు, ఖర్చు మామూలుగా ఉండదు, పుట్టిన వాటిలో చాలా వరకు చచ్చిపోతాయి కూడా.

స్టాగ్‌హార్న్ లాంటి త్వరగా పెరిగే కొమ్మ పగడాలకి నర్సరీ చాలు. అరుదైన వాటికి మాత్రం నా ఓటు ట్యాంకుకే, ఎందుకంటే నర్సరీ మొత్తం పోయినా మళ్ళీ ముక్క కోయాలంటే తల్లి ఎక్కడో బతికుండాలి కదా.