పీటీఎస్‌డీ కోచ్ యాప్: మాజీ సైనికులకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

యుద్ధం, ప్రమాదం లాంటి భయానక అనుభవం తర్వాత మనిషిని వెంటాడే మానసిక సమస్యే పీటీఎస్‌డీ. అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, రక్షణ శాఖ కలిసి తయారుచేసి 2011లో విడుదల చేసిన ‘పీటీఎస్‌డీ కోచ్’ యాప్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. ఖాతా తెరవనక్కర్లేదు, పేరు చెప్పనక్కర్లేదు. మనసు బాగోలేదని డాక్టరు దగ్గరికి వెళితే నలుగురూ ఏమనుకుంటారోనని వెనకాడే ఫౌజీ కుటుంబాలకు ఇది చిన్న సౌకర్యం కాదు. హవల్దారుగా రిటైరైన మా బాబాయి చికిత్స తీసుకుంటూనే దీన్ని వాడుతున్నారు.

ఇందులో నాకు బాగా నచ్చింది స్వీయ పరీక్ష. గత నెల రోజుల్లో పాత సంఘటన వద్దనుకున్నా గుర్తుకొచ్చిందా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడ్డారా అంటూ 20 ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కో జవాబుకు 0 నుంచి 4 వరకు, మొత్తం 80 మార్కులు; ఎక్కువ వస్తే బాధ ఎక్కువని అర్థం. పాత స్కోర్లన్నీ గ్రాఫుగా కనిపిస్తాయి. దీపావళి టపాసులు పేలిన నెలలో బాబాయి గీత పైకి లేచింది. “బాగానే ఉన్నానండీ” అని ప్రతిసారీ ఒకే మాట చెప్పే మనిషి గురించి డాక్టరుకు ఆ గీత చాలా చెప్పింది.

నిద్ర పట్టకపోయినా, కోపం ముంచుకొచ్చినా ఆ బాధను ఎంచుకుని, కలత ఎంత ఉందో 0 నుంచి 10 వరకు ఉన్న కొలమానంపై చూపిస్తే, శ్వాస అభ్యాసమో, కండరాలను వదులు చేసే పద్ధతో ముందుకొస్తుంది. మన ఫొటోలు, పాటలు కూడా అందులో పెట్టుకోవచ్చు. బాబాయి మనవరాలి ఫొటో పెట్టుకున్నారు.

అయితే ఇది చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. పీటీఎస్‌డీకి చేసే మాటల చికిత్సల్లో, సుమారు 12 సిట్టింగుల కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీలోనైనా, 8 నుంచి 15 సిట్టింగులు పట్టే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లోనైనా శిక్షణ పొందిన నిపుణుడు ఎదురుగా ఉండి, మనిషి తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాన్నే కదిలిస్తాడు. యాప్ ఆ పని చేయదు, చేయకూడదు కూడా. రెండు సిట్టింగుల మధ్య వచ్చే గడ్డు రాత్రులకు అది తోడు. అత్యవసర సహాయానికి చూపించే 988 నంబరు అమెరికాది కాబట్టి, మనవాళ్లు ఇంట్లోవాళ్ల నంబర్లతో పాటు తెలుగులోనూ మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416ను ఫోన్‌లో దాచుకోవాలి.

పెద్ద లోపం, తెలుగు లేకపోవడం. ఇంగ్లీషు రాని జవానుకు ఇంట్లో ఎవరో ఒకరు ప్రశ్నలు చదివి చెప్పాలి. అపరాధ భావం గురించి, తెగించి ప్రమాదకరమైన పనులు చేయడం గురించి అడిగే ప్రశ్నలకు కొడుకు ముందు నిజం చెప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చు. పేరు అడగని యాప్ ఇచ్చిన గోప్యత అక్కడే పోతుంది. అందుకే నేను ప్రశ్న అర్థం చెప్పి, ఫోన్ బాబాయి చేతికిచ్చి, జవాబు నొక్కేదాకా పక్కకు తప్పుకుంటాను.