కాలువ గట్టు రోడ్డుకి రబ్బరు తారు సీలెంట్: ఏ బీటకి కొనాలి, ఏ బీటకి దండగ

వేసవిలో కాలువలు కట్టేశాక గట్టు బంకమట్టి ఎండి కుంచించుకుపోతుంది. రోడ్డు అంచు వెంబడి పొడుగ్గా బీటలు పడేది అప్పుడే. ఈ బీటలకి, వేడిచేసి పోసే రబ్బరు తారు సీలెంట్ మంచి సరుకు. ఐదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు.

చక్రాల జాడలో వచ్చే మొసలి చర్మం లాంటి పగుళ్ళకి మాత్రం కొనొద్దు. అవి తారు అలసటవి. చేపల లారీ, ఇసుక టిప్పర్ పోయినప్పుడల్లా తారు పొర అడుగున సాగి సాగి తెగుతుంది. ఇరుసు బరువు రెట్టింపైతే దెబ్బ సుమారు 16 రెట్లు. కింద కంకర నానిపోయి ఉంటే పైన ఎంత పోసినా నిలవదు. తవ్వి, పునాది బాగుచేసి వేయాల్సిందే.

తారుకి తనంతట తాను అతుక్కునే గుణం ఉంది. బండ్ల మధ్య విరామం దొరికి, ఎండకి మెత్తబడితే వెంట్రుకవాసి చీలికలు కలుస్తాయి. నెదర్లాండ్స్‌లో 2010లో ఏ58 రహదారి మీద తారులో ఉక్కు పీచు కలిపింది అందుకే, ఆ పీచుని ఇండక్షన్‌తో (మారే అయస్కాంత క్షేత్రంతో) వేడిచేసి ఈ గుణాన్ని లేపడానికి. మనకి వేడికి కొదవలేదు, బురదనీరే శత్రువు. మట్టి చేరిన చీలిక ఇక అతుక్కోదు. సీలెంట్ పెద్ద బీటని మాన్పదు గానీ ఆ నీటి దారి మూస్తుంది.

3 నుంచి 20 మి.మీ. బీటలకే వాడాలి. వైరు బ్రష్‌తో గీకి, కంప్రెసర్ గాలితో ఊదాలి. తడి మిగిలితే బుడగలు లేచి ఊడిపోతుంది. నూనె జాకెట్ ఉన్న మెల్టర్‌లో (చుట్టూ ఉన్న వేడి నూనెతో సరుకుని కరిగించే పాత్రలో) 180–190 డిగ్రీలకి కాచాలి, సంచి మీద రాసిన హద్దు దాటకూడదు. డబ్బా కింద కట్టెల మంట పెడితే అడుగున రబ్బరు మాడి సాగుడు పోతుంది. బీట నింపాక పైన 60 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం పట్టీ చాలు, దాని మీద రాతిపొడి చల్లాలి. 10 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. లోతు బీటకి మీటరుకి సుమారు 350 గ్రాములు పడుతుంది.

కొనేటప్పుడు సీలెంట్ మెత్తబడే ఉష్ణోగ్రత 80 డిగ్రీలకి తగ్గకుండా చూడండి. రోహిణి ఎండకి రోడ్డు 60 దాటుతుంది. రోడ్లకి వాడే మామూలు వీజీ-30 రకం తారుకి ఆ హద్దు 47 నుంచే, టైర్లకి అంటుకుపోతుంది. ముక్క సాగదీసి వదలండి, వెనక్కి రాకపోతే అందులో రబ్బరు లేనట్టే.

కాలువలకి నీళ్ళు వదలకముందే పని ముగించాలి. మట్టి మళ్ళీ ఉబ్బితే బీట నోరు మూసుకుపోయి సీలెంట్ లోపలికి దిగదు.