ఖననమా, సమాధా?

రెండూ మట్టిలో కలపడాన్నే చెబుతాయి, కానీ పుట్టుక వేరు. ఖననానికి మూలం ‘ఖన్’ ధాతువు, అంటే తవ్వడం. ఖని, ఖనిజం, గునపానికి పాతపేరైన ఖనిత్రం దీని సంతానమే. మాట చాలా పాతది. అథర్వవేదం 18వ కాండలోని పితృమంత్రం ‘యే నిఖాతాః’ అని మొదలవుతుంది: పాతిపెట్టిన వారు, పారవేసిన వారు, కాల్చిన వారు, పైన ఉంచిన వారు, అందరినీ హవిస్సు తినడానికి తీసుకురా అని అగ్నిని వేడుతుంది. పూడ్చినవారికీ కాల్చినవారికీ ఒకే పంక్తిలో చోటు దొరకడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

సమాధికి తవ్వకంతో పనే లేదు. సమ్, ఆ, ధా కలిసి ‘చక్కగా కూర్చి ఉంచడం’. పతంజలి అష్టాంగ యోగంలో ఇది చివరి మెట్టు. సన్యాసులను దహనం చేయకుండా కూర్చున్న భంగిమలోనే మట్టిలో ఉంచే ఆచారం వల్ల చోటుకూ, పైన కట్టే కట్టడానికీ ఆ పేరొచ్చింది. పోయారనకుండా ధ్యానంలో ఉన్నారనే గౌరవం అందులో ఉంది.

అందుకే పూడ్చిపెట్టే పనికి ఖననమే సరైన మాట. చోటుకైతే నా ఓటు సమాధికే.